భార్గవి ఆన్ చేసిన ల్యాప్‌టాప్

"సామీ, ఆపకుండా బ్యాటరీ మార్చే ఉపాయం ఏమన్నా ఉందా?"

మార్కండేయులు వచ్చి అడిగిన మాట ఇది. మా కంబగిరి సామి దగ్గరికి జనం రకరకాల ప్రశ్నలు మోసుకొస్తారు. ఈ జన్మ ఎందుకొచ్చె అని అడిగినోళ్ళున్నారు. అల్లుడు తాగుడు మానేదెట్ల అని అడిగినోళ్ళున్నారు. బ్యాటరీ సంగతి అడిగింది మాత్రం ఈయప్పొక్కడే. ఇంకొకరైతే నేను నవ్వి ఉందును. అది ఎవరి ల్యాప్‌టాప్ అనేది నాకు తెలుసు కాబట్టి నవ్వు రాలేదు.

మాది ధర్మవరం. మార్కండేయులు, నేను ఒకే వీధిలో మగ్గం నేసేవాళ్ళం. సామి కూడా ఒకప్పుడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషే. చూపు మందగించినాక ఊరి చివర చిన్న గుడిసె వేసుకొని, తంబుర మీటుకుంటా తత్వాలు పాడుకుంటా ఉండిపోయినాడు. మార్కండేయులు, నేను, ఇంకా కొందరం శిష్యులం. సామి యాడికి పోయినా తంబుర మోసేది నేను.

మార్కండేయులుకి ఒకే బిడ్డ, భార్గవి. చీరల అంచులకు డిజైన్లు గీసేది. ముందు తరం వాళ్ళం గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టుకుంటా కండ్లు పోగొట్టుకున్నాం గానీ, ఆ పిల్ల ల్యాప్‌టాప్‌లో గీసేది. ఎవరో వాడి వదిలేసిన పాతది. మూత తీస్తే కిర్రుమనేది. దాన్ని ఒళ్ళో పెట్టుకొని చిలకలూ మామిడి పిందెలూ గీస్తా ఉంటే, వాళ్ళ నాయన మగ్గం ఆపి మరీ చూసేవాడు.

పోయిన ఏడు వానల్లో ఆ పిల్లకు జ్వరమొచ్చింది. అనంతపురం ఆస్పత్రిలో చేర్చినారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

మా ఇండ్లల్లో మనిషి పోతే, దినాలు అయ్యేదాకా తల పెట్టిన చోట దీపం పెడతారు. నాగరత్న, అంటే మార్కండేయులు భార్య, ఆ దీపానికి నూనె పోస్తానే ఉండె. దినాలు అయిపోయినాయి, దీపం కొండెక్కింది, చుట్టాలు ఎవరి దోవన వాళ్ళు పోయినారు. ఆ చోటనే మార్కండేయులు ఒక స్టూలు వేసి, ల్యాప్‌టాప్ పెట్టినాడు. ఆస్పత్రిలో బిడ్డ ఆన్ చేసింది ఆన్ చేసినట్టే ఉంది. తెర మీద ఆ పిల్ల సగం గీసిన చిలకల అంచు. చివరి చిలకకు ముక్కు లేదు.

అప్పటి నుంచి దాన్ని ఆపలేదు.

ఆపితే మళ్ళీ తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది, అది బిడ్డకు తప్ప ఎవరికీ తెలియదు అని అందరికీ చెప్పేవాడు. మెకానిక్కును ఇంటికే పిలిపించినాడు, నేనూ ఆడనే ఉన్నా. ఆ పిల్లోడు మంచోడే. "పాస్‌వర్డ్ నేను తీసేస్తాలే అన్నా, ఫొటోలు, డిజైన్లు ఏమీ పోవు" అన్నాడు. ఫొటోలూ డిజైన్లూ ఎప్పుడో పెన్‌డ్రైవ్‌లోకి తీసి బీరువాలో పెట్టుకున్నాడు ఈయప్ప. కాపాడుకుంటా ఉన్నది వాటిని కాదు.

"ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే పెట్టినందుకే బ్యాటరీ చెడిపోయింది. లోపల ఉబ్బింది చూడు. ఆపి, వెనక స్క్రూలు విప్పి మార్చల్ల. లేకుంటే ఒకరోజు అంటుకుంటుంది" అన్నాడు మెకానిక్కు.

"ఆపకుండా మార్చు" అన్నాడు మార్కండేయులు.

ఆ పిల్లోడు నా మొగం చూసినాడు. నేను ఎవరి మొగం చూడాల?

ఇంక ఈయప్ప సొంత వైద్యం మొదలైంది. వెలుతురు తగ్గించినాడు. నెట్టు ఆపినాడు. తెర నిద్రపోకుండా ఏవో మార్చినాడు. దుమ్ము పోవాలని కుంచెతో తుడిచినాడు. వేడెక్కకుండా ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానికే తిప్పినాడు. ఇన్వర్టర్ పెట్టించినాడు గానీ, దాని వైరు ఆ స్టూలు కాడికే. వంటింటికి లేదు, మగ్గానికి లేదు. ముందు కరెంటు పోతే బ్యాటరీ కొంచెంసేపు ఆగేది. రానురాను తగ్గిపోయింది. నిండా ఉంది అని చూపిస్తా ఉండగానే ఒక్కసారిగా అడుగుకు పడిపోయేది. ఎండాకాలం కోతలు, ఇన్వర్టర్ కూడా ఎంతని లాగుతుంది. కరెంటు పోయిందంటే ఆయప్ప ప్రాణం పోయినట్టే. మగ్గం కాడ సగం నేసిన చీర అట్లనే ఉండె, దాని మీద దుమ్ము పడతా ఉండె.

నాకు ఆయప్ప మీద జాలి ఉండె. కోపం అంతకంటే ఎక్కువ ఉండె. ఆ ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉంది కదా. నాగరత్న రోజురోజుకీ పుల్లలాగ అయిపోతాంది. ఏడిస్తే "శబ్దం చెయ్యద్దు" అనేవాడంట. ఏం మనిషప్పా అనుకున్నా.

సామి ప్రశ్న విన్నాడు. ల్యాప్‌టాప్ అంటే ఏమో ఆయనకు సరిగా తెలియదు. బిడ్డది అని మాత్రం అర్థమైంది.

"ఆపకుండా ఎందుకు నాయనా?" అన్నాడు.

"మగ్గం ఖాళీ కానియ్యం కదా సామీ. పాత పడుగు దారం అయిపోవస్తానే, దాని కొసలకు కొత్త పడుగు పోగుకి పోగు మెలేసి అతుకుతాం. ఆ మాదిరి దీనికీ ఏమన్నా దారి ఉంటుందేమోనని."

"పాతది మగ్గం మీద ఉంటేనే కదా అతుకుతాం."

"ఉంది కదా సామీ. వెలుగుతానే ఉంది కదా."

సామి లేచినాడు. పైపంచె భుజాన వేసుకొని "మీ ఇంటికి పోదాం పద" అన్నాడు. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడిపోయే ఎండ. నేను తంబుర ఎత్తుకున్నా. "అది వద్దులే" అన్నాడు.

మేం పోయేసరికి కరెంటు లేదు. ఇల్లంతా ఉడికిపోతా ఉంది. నాగరత్న వంటింట్లో నుంచి మజ్జిగ చెంబు తెచ్చింది. రవిక మొత్తం చెమటకు తడిసిపోయింది. ఆ చిన్న గదిలో కిటికీ మూసి, స్టూలు మీద ల్యాప్‌టాప్, దాని ముందు గిర్రుమంటా ఫ్యాను. ల్యాప్‌టాప్ కింద ఉబ్బిపోయి, స్టూలు మీద సమంగా కూడా నిలబడడం లేదు. ఒక పక్క అట్టముక్క ఎత్తు పెట్టినాడు.

సామి నేల మీద కూర్చున్నాడు. నాగరత్నను కూడా కూర్చోమన్నాడు. చెయ్యి చాపి ఫ్యాను ఆమె దిక్కు తిప్పినాడు.

"సామీ, వేడెక్కుతుంది" అని మార్కండేయులు మళ్ళీ ల్యాప్‌టాప్ దిక్కుకు తిప్పేసినాడు. గురువు తిప్పింది శిష్యుడు తిప్పేయడం నేను చూడడం అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది. సామి చెంబు అందుకున్నాడు. మజ్జిగ తాగినాడు.

"మార్కండా, ఆ దినం నువ్వు బిడ్డ కాడ ఉండావా?" అన్నాడు చెంబు కింద పెట్టి.

మార్కండేయులు తల దించుకున్నాడు. నాగరత్న కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

"లేను సామీ" అన్నాడు. "పొద్దున బాగనే ఉండె. నాయనా, అంచు కొంచెమే మిగిలింది, ఛార్జర్ ఇంట్లో మర్చిపోయినాం, తెస్తావా అనింది. బస్సెక్కి వచ్చి తీసుకొని మళ్ళీ పోతిని. ఛార్జర్ చేతిలోనే ఉండె సామీ. నేను పోయేతలికి..."

ఆగిపోయినాడు. స్టూలు దిక్కు చూపించి మళ్ళీ అన్నాడు.

"ల్యాప్‌టాప్ మాత్రం ఇంకా వెలుగుతా ఉండె. కొంచెమే ఉండె ఛార్జింగు. వెంటనే పెట్టినా. దాన్నన్నా అందుకుంటిని కదా అనుకున్నా."

ఆ మాట నాతో ఎప్పుడూ చెప్పలేదు. పక్క గోడ ఇంటోడిని, నాకే తెలియదు. ఇన్నాళ్ళూ ఆయప్ప మీద పడిన కోపం ఎక్కడ పెట్టుకోవాల్నో తెలియక నేల దిక్కు చూస్తా కూర్చున్నా.

సామి మోకాళ్ళ మీద చేతులూని లేచినాడు. గోడ కాడికి పోయి, వైరు పట్టుకొని చూసుకుంటా, ఏది దేనిదో తడుముకుంటా, ఛార్జర్ ప్లగ్గు మెల్లగా ఊడదీసినాడు. రెండో కొస ల్యాప్‌టాప్‌లో నుంచి తీసినాడు. మార్కండేయులు లేవబోయి, అట్లనే ఉండిపోయినాడు. సామి ఆ వైరంతా పోగు చేసి, తెచ్చి ఆయప్ప చేతిలో పెట్టినాడు.

"తెచ్చినావులే నాయనా" అన్నాడు. "ఇంక బిడ్డ పక్కన కూర్చో."

మార్కండేయులు చేతిలోని ఛార్జర్‌ను చూసినాడు. సామిని చూసినాడు. తర్వాత జరుక్కుంటా స్టూలు కాడికి పోయి, దానికి ఆనుకొని కూర్చున్నాడు. నాగరత్న ఇంకో పక్కకు వచ్చి కూర్చునింది. ఆ ఇద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం చూసి ఎన్నాళ్ళయ్యిందో.

తెర మీద చిలకలు వరసగా ఉన్నాయి. మూలన బ్యాటరీ గుర్తు ఎర్రగా అయింది.

"పోతుంది సామీ" అన్నాడు మార్కండేయులు.

"పోతుంది."

"ఏం చెయ్యల్ల?"

"ఉన్నంతసేపు ఉండు."

అప్పుడు ఏడ్చినాడు ఆయప్ప. ఇన్నాళ్ళూ ఏడ్చినట్టు నేను చూడలేదు. స్టూలు మీద చెయ్యి పెట్టి, "తెచ్చినానమ్మా భార్గీ, తెచ్చినాను, బస్సు లేటయింది" అంటా, చిన్నపిల్లోని మాదిరి అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. శబ్దం చెయ్యద్దని ఎవరూ అనలేదు.

నాగరత్న ఆయప్ప వీపు మీద చెయ్యి వేసింది.

"నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అనింది. "ఆఖరున బిడ్డ, నాయన యాడికొచ్చినాడు చూడుమా అనింది. బస్సెక్కినాడంటమ్మా అని చెప్పినా. సరేలే, నిదానంగా రానీ అనింది. నా చెయ్యి పట్టుకొని కండ్లు మూసుకునింది. అంతే. కష్టపడలేదు."

"నిదానంగా రానీ అనిందా?"

"ఆ మాటే అనింది."

మార్కండేయులు తల ఊపినాడు. చాలాసేపు ఊపుతానే ఉన్నాడు. ఛార్జర్ వైరు చేతిలోనే ఉంది. దాని కొస నేల మీద పడి ఉంది.

తెర ఒకసారి మసకబారింది. చిలకల పచ్చదనం తగ్గింది. లోపల తిరిగే సన్నటి చప్పుడు ఆగింది. ముక్కు లేని చిలక ముందు పోయిందో, అన్నీ ఒకటే సారి పోయినాయో నేను చెప్పలేను. చూస్తానే ఉన్నాం, నల్లగా అయిపోయింది.



"కొండెక్కింది" అనింది నాగరత్న.

సామి కండ్లు తుడుచుకున్నాడు. ఆయనకూ ఆ పిల్ల తెలుసు. గుడిసెకు వచ్చినప్పుడల్లా సామి పంచె అంచు చూసి "తాతా, ఇది నేసినోనికి చెయ్యి వణికింది" అని ఎగతాళి చేసేది. అది నేసింది సామే.

అట్లా ఎంతసేపు కూర్చున్నామో. ఉన్నట్టుండి వంటింట్లో బల్బు వెలిగింది. పక్కింట్లో టీవీ మొదలైంది. కరెంటు వచ్చింది.

మార్కండేయులు లేచినాడు. చేతిలో ఛార్జర్ ఉంది. ప్లగ్గు పెట్టే చోటు ఆయప్పకు మూరెడు దూరంలో ఉంది. సామి దిక్కు చూసినా, ఏమన్నా అంటాడేమోనని. సామి గోడకు తల ఆనించి కండ్లు మూసుకొని ఉన్నాడు.

మార్కండేయులు ఆ వైరును చేతికి చుట్టలు చుట్టి, ల్యాప్‌టాప్ మూత వేసి, దాని మీద పెట్టినాడు. తర్వాత వంగి, ఫ్యాను పట్టుకొని, నాగరత్న దిక్కు తిప్పినాడు.