పొయ్యి మీది పులుసు

సాయంత్రం. వాన. సముద్రం మీద గాలి ఇంకా తగ్గలేదు. తెల్లవారకముందే మా ఆయన, మరిది, ఇద్దరు కొడుకులు పడవేసుకుని వేటకు వెళ్ళారు. ఇంకా తిరిగి రాలేదు.

అప్పుడే గురువుగారు, ఆయన శిష్యుడు విరూపాక్షి తడిసిపోయి మా గుమ్మంలో నిలబడ్డారు. పై ఊళ్ళో పురాణం చెప్పి వెళ్తూ దారిలో చిక్కుకున్నారట. లోపలికి రమ్మన్నాను.

పొయ్యి మీద చేపల పులుసు ఉంది. శిష్యుడు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు. “అమ్మా, గురువుగారికి పడదు. దాన్ని కాస్త బయట పెట్టండి,” అన్నాడు.

ఇంటికొచ్చినవాళ్ళ మాట. కాదనలేక మసిగుడ్డతో కుండ పట్టుకున్నాను. కానీ దించకుండా అక్కడే ఆగిపోయాను.

“ఏం తల్లీ?” అన్నారు గురువుగారు.

“మావోళ్ళు ఏటకెళ్ళారు బాబూ. ఆళ్ళు గడప తొక్కేదాకా కుండ దించకూడదు, నిప్పు ఆరకూడదు. మా పేటలో అంతే.”

“అయితే దించకు.”

శిష్యుడు ఊరుకోలేదు. “మరి మన నియమం, గురువుగారూ? అతిథి కోసం ఇంటివాళ్ళు సర్దుకోవాలా, ఇంటివాళ్ళ కోసం అతిథా?”

గురువుగారు పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. చెమ్మకు కట్టెలు రాజుకోక మంట పడిపోతోంది. గొట్టం తీసుకుని ఊదారు. తన మూటలోని అటుకులు తడిపి, “మీ ఇంటి ఉప్పు కాస్త పెట్టమ్మా,” అని అడిగి కలుపుకున్నారు.

“వాసన పడకపోతే అరుగు మీద కూర్చో నాయనా. అక్కడ వాన ఒక్కటే ఉంది.”

శిష్యుడు కదల్లేదు.

చీకటి పడ్డాక బయట కేకలు. నేను లేచేలోపే మావాళ్ళు లోపలికి వచ్చారు, నీళ్ళు కారుతూ. కంచాల్లో అన్నం పెట్టాను. గరిటె చేతిలో నిలవలేదు, జారిపోయింది. గురువుగారు దాన్ని తీసి కడిగి, పులుసు ఆయనే వడ్డించారు.

“అయ్యో, మీరు వడ్డించడమేటి బాబూ!” మా ఆయన లేవబోయాడు.

“కూర్చో. చల్లారిపోతుంది.”

శిష్యుడు మెల్లగా అన్నాడు: “గురువుగారూ, మీ చెయ్యి...”

“చేతి వాసనే కదా నాయనా. కడుక్కుంటే పోతుంది.”

నేను కంచాల వైపే చూస్తున్నాను. మా ఆయన. మరిది నూకరాజు. పెద్దోడు పోలయ్య. చిన్నోడు తాతారావు. నలుగురూ ఉన్నారు.

మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను.