పొట్టిబావి నీళ్ళు

చిదంబరయ్య స్వామికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ ప్రశ్నతో వచ్చినా ముందు మంచినీళ్ళు అడిగేవాడు. అడగవచ్చినవాళ్ళే తమ చేత్తో చెంబు అందించాలి. ఆయన నిదానంగా తాగి, పైపంచెతో మీసం తుడుచుకుని, ఆ తర్వాతే నోరు విప్పేవాడు. నీళ్ళు తాగనిదే జవాబు లేదు. కలెక్టరొచ్చినా అంతే, కూలివాడొచ్చినా అంతే. ఇదేం చాదస్తమని కొత్తవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. పాతవాళ్ళు మాత్రం ప్రశ్నతోపాటు నీళ్ళు కూడా తెచ్చుకునేవాళ్ళు.

ఆ పాతవాళ్ళలో ఓబుళరెడ్డి ఒకడు. అయ్యా, మొదట్లోనే ఒక మాట చెప్పేస్తాను: ఓబుళరెడ్డి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పే పనే లేదు, నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటే సరిపోయేది. కోన కింద అతనికి పెద్ద విడిది ఉంది. జలపాతం చూడటానికి, పాత కోట ఎక్కడానికి బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ కార్లేసుకుని వచ్చేవాళ్ళు అక్కడ దిగుతారు. అందరిలాగా గల్లాపెట్టె నింపుకుంటే చాలుననుకోలేదు అతను. నేలతల్లికి బరువు కాకుండా నడపాలని నిజంగానే ఉండేది. ప్లాస్టిక్ సీసాలు మాన్పించి స్టీలు సీసాలు పెట్టించాడు. కప్పు మీద సోలారు పలకలు వేయించాడు. భోజనానికి మోదుగాకు విస్తర్లు. ప్రతి గదిలోనూ మంచం పక్కన ఒక చీటీ: 'ఈ తువ్వాలునే ఇంకో రోజు వాడండి, నీటిని కాపాడండి.' వచ్చినవాళ్ళు ఆ చీటీ చదివి, తువ్వాలు ఆరేసి, తమవల్ల లోకం కాస్త బాగుపడిందని తృప్తిపడి, వెనక తోటలో ఉన్న ఈతకొలనులోకి దిగేవాళ్ళు. ఇదంతా చూసి పట్నంలో ఎవరో అతనికి శాలువా కూడా కప్పారు.

ఆ శాలువా కప్పుకునే ఒకరోజు స్వామి దగ్గరికి వచ్చాడు ఓబుళరెడ్డి. కూర్చుని, మనసులో మాట బయటపెట్టాడు.

"సామీ, నేలను పీల్చకుండా వ్యాపారం చేసేదెట్లా? నాకు చేతనైందంతా చేసినాను. అయినా మా కింది పల్లె మల్లప్పకొట్టాలవాళ్ళు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. ఇంగ నేనేం చేయాల?"

అంటూనే తన విడిది పేరు చెక్కిన స్టీలు సీసా మూత తీసి అందించాడు. స్వామి దాన్ని చేతిలోకి తీసుకుని, "ఈ నీళ్ళు యాడివప్పా?" అని అడిగాడు.

"మా బోరువి సామీ. పన్నీరంటే పన్నీరే."

"అట్లయితే అక్కడికే వచ్చి తాగుతాలే," అని సీసా పక్కన పెట్టేశాడు. ఓబుళరెడ్డి మొహం వెలిగిపోయింది. స్వామి ఎవరి గడపా తొక్కడు. తన విడిదికి వస్తానన్నాడంటే అంతకంటే ఏం కావాలి? ఉగాది దాటగానే గేటు ముందర చలిపందిరి వేయిస్తున్నాననీ, స్వామే మొదటి గ్లాసు తాగాలనీ అప్పటికప్పుడే మాట తీసుకున్నాడు. ప్రశ్నకు జవాబు రాలేదన్న సంగతి ఇల్లు చేరాక గాని అతనికి గుర్తురాలేదు.

చలిపందిరి రోజున ఎంత హంగు చేశాడనుకున్నారు! తాటాకుల పందిరి, కింద ఇసుక పరిచి ఎర్రటి కొత్త కుండలు, కుండలకు తడిగుడ్డలు, నీళ్ళలో వట్టివేళ్ళు. విడిదిలో దిగినవాళ్ళంతా ఫోన్లు పట్టుకుని చుట్టూ చేరారు. స్వామి చెప్పులు విడిచి వచ్చి నిలబడ్డాడు. ఓబుళరెడ్డి ముంతతో నీళ్ళు ముంచి గ్లాసు నింపాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరినో కసురుకోవడం వినబడింది. "ఇప్పుడు కాదు పో, పెద్దోళ్ళుండారు, సాయంత్రం రా!"

రెండు ఖాళీ బిందెలతో గేటు అవతల ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మల్లప్పకొట్టాల సుంకమ్మ. ఆ పల్లె బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. ఆ రోజు బియ్యం కడగడానికి కూడా నీళ్ళు లేక, విడిదిలో అడుక్కుందామని ఎండలో నడిచి వచ్చింది.

"ఆమెను రానియ్యండి," అన్నాడు స్వామి. "నాకంటే ఆమెకు దప్పిక ఎక్కువుంది. మొదటి గ్లాసు ఆమెకియ్యి రెడ్డీ."

ఓబుళరెడ్డికి అదీ బాగానే అనిపించింది. నిజంగా దాహంతో వచ్చిన పల్లెమనిషి, గురువు మాట, కొత్త కుండలు. ఇంతకంటే ఏం కావాలి? సుంకమ్మ బిందెలు కింద పెట్టి, రెడ్డికి రెండు చేతులెత్తి దండం పెట్టి, గ్లాసు అందుకుంది. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఒక గుక్క తాగింది. రెండో గుక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. మింగకుండా అట్లాగే నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రెడ్డయ్యా, ఇవి మా పొట్టిబావి నీళ్ళు గదా!" అంది.

విడిదివాళ్ళలో ఒకాయన నవ్వాడు. "నీళ్ళకు కూడా ఊరూ పేరూ ఉంటాయా అమ్మా?"

"ఉండవా నాయనా? మా పల్లెలో కొత్తకోడలు గడప తొక్కకముందు అత్త ఆ బావి నీళ్ళు దోసిట్లో పోసి తాగిస్తుంది. పుట్టింటి నీళ్ళ రుచి నాలిక మీదనుంచి పోయేదాకా తాగిస్తుంది. నాకు మా అత్త తాగించింది, నేను నా కోడలికి తాగించినాను. మొదట చప్పగా ఉంటాయి, మింగినాక గొంతులో తియ్యగా తెలుస్తాయి. బావి ఎండి రెండేండ్లాయె. చచ్చిపోయిన మనిషి ఎదురొచ్చినట్టుందప్పా నాకు."

ఆమె చెప్పింది ఓబుళరెడ్డికి కొత్త సంగతి కాదు. బోరు వేయించే రోజున అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని నీళ్ళు చూసిన ముసలాయన, వంక ఒడ్డున ఆగి, "రెడ్డా, ఇది నేలకింద పొట్టిబావికి పోయే జలే. మెల్లగా తోడుకో," అన్నాడు. అప్పుడు ఓబుళరెడ్డి సరే సరేనన్నాడు. ఆ తర్వాత గదులు పెరిగాయి, తోట పెరిగింది, ఈతకొలను వచ్చింది. ముసలాయన మాట మనసులో ఏ మూలకో పోయింది. పోయిందని అతను అనుకున్నాడు, అంతే. అది అక్కడే ఉంది.

సుంకమ్మ మిగిలిన నీళ్ళు పారబోయలేదు. ఎవరి నీళ్ళు వాళ్ళు పారబోసుకుంటారా? చుక్క మిగలకుండా తాగి, గ్లాసు దించి, అప్పుడంది. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది నీ పని. మా నీళ్ళు మాకే పోసి, మాతోనే దండం పెట్టించుకుంటివే రెడ్డయ్యా!"

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఆమే మళ్ళీ గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అడిగింది. "నిన్ను తిట్టడానికి రాలేదయ్యా నేను. మొన్న ఆఫీసరొచ్చినాడు. నీళ్ళు లేని బడి నడిపేది లేదంట. ఈ ఎండాకాలంలోగా నీళ్ళు చూపించకపోతే, సెలవులైనాక బడి మూసేస్తామన్నాడు, పిల్లల్ని కొండ అవతలి బడిలో కలుపుతారంట. అంత దూరం చిన్నపిల్లలు ఎట్ల పోతారు? బడి పోతే పిల్లలున్నోళ్ళు పోతారు, వాళ్ళు పోతే పల్లె పోతుంది. నువ్వేమీ ఇయ్యొద్దు. దీపాలు పెట్టినప్పటినుంచి కోడి కూసేదాకా మోటరు ఆపు, అంతే చాలు. బావి దానంతటదే ఊరుతుంది."

ఎంత చిన్న కోరిక! ఒక్క స్విచ్చు కట్టేయడం. ఓబుళరెడ్డికి అవునందామనే ఉంది, ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ అది ఎండాకాలం. గదులన్నీ వచ్చేవాళ్ళు ముందే మాటాడుకున్నవి. రాత్రి తొట్లు నిండకపోతే పొద్దున్నే స్నానాలకు ఏం చెప్పాలి? కొలను ఎండితే పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు ఏమంటారు? అతని చూపు అటూ ఇటూ పోయి, చివరికి నేలమీద వాలింది.

"ఈ సీజను కానీ సుంకమ్మా," అన్నాడు. "అయిపోతూనే రాత్రిళ్ళు మోటరు ఆపిస్తా. ఒట్టు. అంతదాకా బడికి రోజూ టాంకరు నీళ్ళు పంపిస్తా. ఆఫీసరుతో కూడా నేనే మాట్లాడతా."

"టాంకరు నువ్వు పంపినప్పుడు వస్తుంది. బావి అట్ల కాదయ్యా," అంది సుంకమ్మ. వాచ్‌మన్ బిందెలు నింపి తెచ్చాడు. ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఓబుళరెడ్డి చప్పున ఇంకో గ్లాసు నింపి స్వామి ముందుకు చాపాడు. స్వామి దాన్ని ముట్టుకోలేదు. "నాకింకా దప్పిక కాలేదు," అని చెప్పులు వేసుకున్నాడు.

ఓబుళరెడ్డి టాంకరు పంపలేదనుకోకండి, పంపాడు. విడిది పేరు రాసి ఉన్న టాంకరు రోజూ బడి ముందర ఆగేది. కొన్నాళ్ళకు ఎండలు ముదిరి, విడిది బోరే బురద కక్కడం మొదలుపెట్టింది. శనాదివారాలు జనం తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చిపడ్డారు. మేనేజరు దారిలోనే టాంకరును విడిదికి తిప్పించి, "బడిదేముందిలే సార్, రేపు పంపుదాం," అన్నాడు. ఓబుళరెడ్డి తలూపాడు. ఆ రేపు వచ్చి ఇంకో రేపైంది. ఆఫీసరుతో మాట్లాడటం కూడా అట్లాగే అయింది. చలిపందిరి కుండలు మాత్రం ఒక్కరోజైనా ఖాళీగా లేవు. దారినపోయేవాళ్ళంతా రెడ్డి చల్లగా ఉండాలని దీవించి పోయేవాళ్ళు. ఆ రోజు ఎవరో తీసిన ఫోటోను, సుంకమ్మ మొదటి గుక్క తాగుతున్న ఫోటోను, మేనేజరు పెద్దది చేయించి విడిది హాల్లో తగిలించాడు. కింద 'మా పొరుగువారితో మేము' అని రాయించాడు. సిగ్గులేని గోడ, అదీ మోసింది.

సెలవులు అయిపోయాయి. మల్లప్పకొట్టాల బడి తెరవలేదు. పిల్లలున్నవాళ్ళు ముందు కదిలారు. కొందరు కొండ అవతలికి, ఎక్కువమంది బెంగళూరుకు, కట్టడం పనులకు. వాళ్ళు పోయాక ముసలివాళ్ళు మాత్రం ఎవరిని చూసుకుని ఉంటారు? సుంకమ్మ కొన్నాళ్ళు బిందెలు మోసి, మోసి, చివరికి కొడుకు వెంట లారీ ఎక్కింది. పోయేముందు పల్లెవాళ్ళు పొట్టిబావి గిలక ఊడదీసి, చేంతాడు చుట్టి, రెండూ తీసుకుపోయారట. చేతులారా వదిలేసి పోలేకపోయుంటారు పాపం.

సీజను అయిపోయింది. ఓబుళరెడ్డి మాట తప్పలేదు, రాత్రిళ్ళు మోటరు ఆపించాడు. పైగా ఆ ఏడు వానలు బాగా కురిశాయి. ఒకనాటి పొద్దున్నే అతను తనంతట తానే నడుచుకుంటూ పోయి పొట్టిబావిలోకి తొంగిచూశాడు. లోపల నీళ్ళు! ఆకాశం కనబడేంత తేటగా, మనిషి నిలువు లోతులో తళతళలాడుతున్నాయి. రెడ్డి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. అక్కడినుంచి ఇంటికి కూడా పోకుండా తిన్నగా స్వామి దగ్గరికి పరుగెత్తాడు.

"సామీ, బావి ఊరింది! పొట్టిబావి ఊరింది! నేను అడిగినదానికి ఇప్పుడన్నా జవాబు చెప్పండి."

స్వామి లోపలికి పోయి తన ఇత్తడి చెంబు తెచ్చి చేతికిచ్చాడు. "మంచిమాట చెప్పినావు. ఆ బావి నీళ్ళే ఒక చెంబు తెచ్చియ్యి. తాగి చెప్తా."

ఓబుళరెడ్డి చెంబు తీసుకుని మళ్ళీ పల్లెకు పోయాడు. పొద్దున సంతోషంలో అతనికి కనబడనివన్నీ ఇప్పుడు కనబడ్డాయి. ఇళ్ళకు తాళాలు. బడి గోడ మీద అఆలు, వాటి ముందు మోకాలెత్తు గడ్డి. బావి మీద గిలక లేదు, తాడు లేదు. చేంతాళ్ళు ఒరిసి ఒరిసి అరిగిన గాడులు మాత్రం బావి గట్టురాతి మీద ఉన్నాయి. విడిదికి ఫోను చేస్తే చిటికెలో తాడు వస్తుంది, ఫోను చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ పరాయి ఊరి బావిలో ఆ ఊరివాళ్ళను అడగకుండా చెంబు వేయకూడదని చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది. అది ఇప్పుడు గుర్తొచ్చింది, ఇన్నేళ్ళకు. అందుకని వీధి మధ్యలో నిలబడి గట్టిగా పిలిచాడు. "ఎవరన్నా ఉండారా? కాసిన్ని నీళ్ళు తోడుకుంటానమ్మా!" ఒక కుక్క లేచి చూసి మళ్ళీ పడుకుంది. అతను ఇంకోసారి పిలిచాడు. ఆ తర్వాత పిలవడానికి నోరు రాలేదు.

సాయంత్రానికి తిరిగొచ్చి స్వామి ముందు నిలబడ్డాడు.

"బావిలో నీళ్ళున్నాయా?" అడిగాడు స్వామి.

"ఉండాయి సామీ. అడగడానికి ఎవరూ లేరు."

స్వామి ఖాళీ చెంబు అందుకుని, లోపలికి చూసి, మళ్ళీ అతని చేతిలోనే పెట్టాడు.

"నీళ్ళు తాగనిదే నేను జవాబు చెప్పనని నీకు తెలుసు కదప్పా. వాళ్ళొచ్చి తోడిపోసిన రోజు రా."