దాలినాయుడి తొలికోత

గాజువాక పక్కన కొత్తగా వెలిసిన కార్మికుల వీధిలో దాలినాయుడు అనే ఇనప పనివాడు ఉండేవాడు. పనితనానికి లోటు లేదు గానీ, ఏది కొన్నా వీధిలో అందరి దానికన్నా పెద్దది కొనాలన్న పిచ్చి మాత్రం అతన్ని వదిలేది కాదు. సైకిలు కొంటే ఏనుగంత సైకిలు. గోడ గడియారం కొంటే గోడ కనపడనంత గడియారం.

ఆ వీధిలో మూడో ఇల్లు నాది. నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. ఓడల కార్ఖానాలో ముప్ఫై నాలుగేళ్ళు ఇనుము కోశాను. నా రంపం చప్పుడు వినబడితే రేవులోకి వచ్చే ఓడలు ఓ క్షణం ఆగి వినేవి. మనిషి నడుమంత లావు లంగరు గొలుసుని, పొద్దుటి టీ చల్లారేలోగా రెండు ముక్కలు చేసినవాణ్ణి. నమ్మనివాళ్ళు నమ్మకండి, ఆ టీ వేడిగా తాగింది నేనే. ఇంతటి మొనగాణ్ణి కనక, వీధిలో ఎవరు ఏ పనిముట్టు కొన్నా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఈ కథలో నా పాపం అక్కడే మొదలైంది.

దాలినాయుడి భార్య పేరు నూకరత్నం. ఆరేళ్ళ కిందట లారీ గుద్ది ఆమె కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. ఒక శిబిరంలో ఆమెకు చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి ఇచ్చారు. దాని మీదే బజారుకు వెళ్ళేది, కూరలు తెచ్చేది, అరుగు మీద మిషను పెట్టుకుని వీధి మొత్తానికి జాకెట్లు కుట్టేది. ఒకరు ఎత్తి దించే బతుకు తనకు వద్దని ఎప్పుడూ అంటూ ఉండేది.

ఒకరోజు ఆమెకు మంచి కబురు వచ్చింది. దగ్గర్లోని కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరుగా చేరమన్నారు. సోమవారం నుంచి తరగతులు. కానీ బండి మీద వెళ్ళి చూసుకుంటే, ఆ గది గుమ్మం బండికన్నా నాలుగంగుళాలు ఇరుకు. కేంద్రం నడిచేది అద్దె ఇంట్లో, గోడ పగలగొట్టడానికి యజమాని ఒప్పుకోలేదు.

"గుమ్మం వెడల్పు కాకపోతే ఏటి? బండినే సన్నం చేసేస్తాను," అన్నాడు దాలినాయుడు.

మాట బాగానే ఉంది. అటూ ఇటూ కాస్త ఖాళీ ఉండేలా, బండి అడ్డగొట్టాల్లో ఆరంగుళాలు కోసేసి మళ్ళీ అతకాలి. కానీ అతని దగ్గర ఉన్నది గుండ్రటి రాయితో కోసే మిషన్. అది తిరిగితే దీపావళే. పోయినేడు దాని నిప్పురవ్వలు ఎగిరి, నూకరత్నం కుట్టిన పెళ్ళికూతురి జాకెట్టుకి జల్లెడలా చిల్లులు పడ్డాయి. అందుకని చేత్తో పట్టుకుని కోసే బ్యాండ్‌సా కొందామని అనుకున్నాడు. అందులో రెండు చక్రాల మీద పట్టీలాంటి రంపం తిరుగుతుంది. రవ్వలు రావు, ఇనుము వేడెక్కదు. ఇంట్లో పని చేసుకునేవాడికి అంతకన్నా మంచిది లేదు.

ఇద్దరం కలిసి పనిముట్ల కొట్టుకు వెళ్ళాం. కొట్టు నడిపే వరాలమ్మ మాకు కుర్చీలు వేసింది.

"ఏటి కోస్తావన్నా?" అని అడిగింది.

"ఏదైనా కోస్తాను," అన్నాడు దాలినాయుడు.

"ఏదైనా కోసే మనిషి ఇంతవరకూ నా కొట్టుకి రాలేదు. ముందుగా ఏటి కోస్తావో చెప్పు."

"మా ఆవిడ బండి. అంగుళం గొట్టం."

"గొట్టం గోడ ఎంత మందం?"

దాలినాయుడు నా వైపు చూశాడు. నేను కొట్టు పైకప్పు వైపు చూశాను.

వరాలమ్మ ఒక చిన్న మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టింది. "అంగుళం గొట్టానికి ఇది చాలు. తేలిక కాబట్టి గొట్టం మీద బరువు పడదు. సన్న పళ్ళ రంపం వేసుకో. గొట్టం గోడ మీద ఎప్పుడూ మూడు పళ్ళైనా ఆనుతూ ఉండాలి. పళ్ళు పెద్దవైతే పలచటి గోడ వాటి సందులో ఇరుక్కుపోతుంది. వేగం తగ్గించుకోడానికి ఇదిగో ఈ మీట."

దాలినాయుడి చూపు అప్పటికే పై అరలోకి పోయింది. అక్కడ ఇంకొక మిషన్ ఉంది. దూడ పడుకున్నట్టుంది.

"అదేటి?"

"అది ఇనప దూలాలు కోసేవాళ్ళకి. బరువు, పళ్ళు కూడా పెద్దవి. నీకెందుకు?"

"మావా, మన వీధిలో అప్పన్న మిషన్ దీనికన్నా చిన్నదే కదా?" అని నా చెవిలో అడిగాడు.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నా నోరు మూసుకోవడం ఎవరైనా చూశారా?

"దీని పక్కన పెడితే అప్పన్నది దోమరా! ఆ చిన్నదాన్ని తీసుకెళ్ళి నేను కోసిన లంగరు గొలుసుకి చూపిస్తే, గొలుసు పగలబడి నవ్వుతుంది!" అన్నాను.

"గొలుసు కాదు బాబూ, గొట్టం," అంది వరాలమ్మ.

ఆమె మాట ఎవరికీ వినపడలేదు. దాలినాయుడు పెద్దదాన్ని భుజానికి ఎత్తుకున్నాడు. వరాలమ్మ గుమ్మం దాకా వెంట వచ్చింది. "పోనీ పెద్దదే పట్టికెళ్ళు. ఈ సన్న పళ్ళ రంపమైనా దానికి వేసుకో. ముందు తుక్కు ముక్క మీద కోసి చూడు," అంది.

"ఈ చీమ పళ్ళతో నాకేటి పని వరాలమ్మా!" అని నవ్వేశాడు.

శనివారం విశ్వకర్మ పూజ. మా వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త మిషన్ కొంటే పూజ అయ్యేదాకా ఎవరూ మీట నొక్కరు. పూజ అయ్యాక వీధంతా చూస్తుండగా తొలికోత కోస్తారు. ఆ తొలికోత తుక్కు మీద కోస్తే మిషన్ తుక్కుపాలే అవుతుందని మావాళ్ళ భయం. అందుకని ఇంటికి పనికొచ్చే వస్తువు మీదే కోస్తారు. తెలివైనవాళ్ళు ఏ మేకునో కోసి మొక్కు తీర్చేసుకుంటారు. దాలినాయుడు అలాంటి చిన్న పని చేస్తాడా?

మిషన్‌కు బొట్లు పెట్టాడు. చామంతి దండ వేశాడు. నిమ్మకాయ కోసి రెండు వైపులా పెట్టాడు. వీధి మొత్తం అతని ఇంటి ముందే ఉంది. అంత గుంపు నా పదవీ విరమణకు కూడా రాలేదు. నా విరమణ రోజు వచ్చింది నాలుగు వేల మందే. నూకరత్నాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఆమె బండిని తలకిందులు చేసి, అడ్డగొట్టాన్ని బల్లకున్న వైసు దవడల మధ్య బిగించాడు.

"ఏవయ్యా, ఆ గొట్టం..." అని మొదలుపెట్టింది నూకరత్నం.

"నువ్వు చూస్తూ ఉండు రత్నం!" అన్నాడు దాలినాయుడు. మీట చివరిదాకా నొక్కాడు.

నేను జీవితంలో కొన్ని వేల టన్నుల ఇనుము కోసి ఉంటాను. అలాంటి చప్పుడు ఎన్నడూ వినలేదు. అది కోత చప్పుడు కాదు, ఎముక విరిగిన చప్పుడు. పెద్ద పళ్ళు పలచటి గొట్టం గోడని కొరికి పట్టుకున్నాయి. మిషన్ ఒక్కసారి ఎగిరి, తన బరువంతా గొట్టం మీద పడేసింది. రంపం తెగిపోయింది. గొట్టం చదునుగా నొక్కుకుపోయింది. చక్రం ఇరుసు కూర్చునే చోటు కాగితం చిరిగినట్టు చిరిగింది.

దాలినాయుడి చేతులకు దెబ్బ తగల్లేదు. అతను మిషన్ పక్కన పెట్టి, ఆ గొట్టాన్ని వేళ్ళతో సరిచేయబోయాడు. అది ఇంకాస్త చిరిగింది. నాకు మాట రాకపోవడం పుట్టిన తర్వాత అదే మొదలు.

నూకరత్నం తిట్టలేదు. ఏడవలేదు. "ఆ గొట్టం రేకంత పలచనయ్యా. ఆరేళ్ళుగా దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను, నాకు తెలీదా? అదే చెప్పబోయాను," అంది. "సోమవారం నేనెలా వెళ్ళాలి?" అని అడిగింది.

"నేను ఎత్తుకుని తీసుకెళ్తాను," అన్నాడు దాలినాయుడు.

"రోజూనా? కుట్టు నేర్చుకునే పిల్లల ముందు ఎత్తుకొచ్చి దించుతావా?"

అతను తెగిన రంపాన్ని మిషన్ నుంచి ఊడదీయడం మొదలుపెట్టాడు.

కేంద్రంవాళ్ళు రెండు రోజులు ఆగారు. ఆ తర్వాత ఆ పని ఇంకొకరికి ఇచ్చేశారు. వాళ్ళ తప్పేముంది, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఎదురుచూస్తున్నారు. బండ్లు ఇచ్చే శిబిరం మళ్ళీ ఏడాదికి గానీ లేదు. తన కూరలు తనే తెచ్చుకునే మనిషి, అరుగు అంచున కూర్చుని, దారిన పోయేవాళ్ళని కొత్తిమీర కట్ట తెచ్చిపెట్టమని అడగడం మొదలుపెట్టింది. మొదటిరోజు ఆమె ఆ మాట అడిగినప్పుడు దాలినాయుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అది నేను చూశాను. ఇందులో ఒక్క ముక్క పెంచి చెప్పడం లేదు.

వారం తర్వాత అతను ఒక్కడే వరాలమ్మ కొట్టుకు వెళ్ళాడు. నన్ను పిలవలేదు. సన్న పళ్ళ రంపం తెచ్చుకున్నాడు. పెద్ద మిషన్ బరువు గొట్టం మీద పడకుండా దాన్ని పైనుంచి గొలుసుతో వేలాడదీశాడు. వేగం తగ్గించి, తుక్కు గొట్టాలు తెచ్చి, ఒకటి తర్వాత ఒకటి కోస్తూ కూర్చున్నాడు. వీధిలోవాళ్ళు వెక్కిరించారు. "ఏటి నాయుడూ, ఏనుగుతో ఆవాలు నూరిస్తున్నావా?" అన్నాడు అప్పన్న. దాలినాయుడు తల ఎత్తలేదు.

పాత ఇనప సామాను కొట్లన్నీ తిరిగి, అంత తేలిక గొట్టాలు పోగుచేసేసరికి రెండు నెలలు పట్టింది. అప్పుడు అవి తెచ్చి భార్య ముందు పెట్టాడు.

"ఎక్కడ కొయ్యాలో నువ్వే చెప్పు రత్నం," అన్నాడు.

ఆమె మెడలోని కొలత టేపు తీసింది. తన నడుము కొలుచుకుంది, చేయి చాపి పిడి ఎంత దూరం ఉండాలో కొలుచుకుంది. జాకెట్టు గుడ్డ మీద గీసే సుద్దతోనే గొట్టాల మీద గీతలు గీసింది. అతను ఆ గీతల మీదే కోశాడు. కోత మెల్లగా సాగింది. ఒక్క పన్ను కూడా ఊడలేదు. ఆ ముక్కలు అతికి, పాత బండి చక్రాలు తగిలించి కొత్త బండి కట్టాడు. చూడటానికి వీధిలోవాళ్ళు ఎవరూ రాలేదు.

మరుసటి విడత తరగతులకు కేంద్రంవాళ్ళు మళ్ళీ కబురు చేశారు. నూకరత్నం కొత్త బండి మీద, ఎవరి చెయ్యీ తగలకుండా, ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. గుమ్మానికి అటు అంగుళం, ఇటు అంగుళం ఖాళీ మిగిలింది. అప్పటికి నాలుగు నెలలు పోయాయి.

ఆ సాయంత్రం నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, ఇదంతా నా నోటివల్ల జరిగింది," అన్నాను.

"నువ్వు గొప్పలు చెప్పావు మావా. అది నీకు అలవాటు," అంది ఆమె. "ఆయన విన్నారు. అది ఆయన పొరపాటు. మీరిద్దరూ కొట్టుకెళ్ళి అప్పన్న మిషన్ని తలుచుకున్నారు, ఓడ గొలుసుని తలుచుకున్నారు. బండి మీద కూర్చునేది నేను. నన్ను ఒక్కరైనా తలుచుకున్నారా?"

ఆ మాట కోసినంత లోతుగా ఏ రంపమూ నన్ను కోయలేదు. ఇందులో అతిశయోక్తి లేదు.

కాబట్టి చదివేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి: పనిముట్టు ఎంచుకునేటప్పుడు నలుగురిలో వచ్చే గొప్పని కాదు, చేయాల్సిన పనినీ, ఆ పని ఎవరి కోసమో ఆ మనిషినీ చూసి ఎంచుకోవాలి.