పాత పురుగు

ప్రశ్న అడిగితే డాక్టర్ వరూధినిగారు జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. పశువైద్య కళాశాలలో పరాన్నజీవుల విభాగానికి ఆవిడ పెద్ద. ఆవిడ దగ్గర పరిశోధన చేసినవాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. అడిగినవాడు వెంట నడవాలి. ఎక్కడికని మళ్లీ అడగకూడదు. తిరిగొచ్చేలోగా జవాబు దొరికితే సరే, దొరకకపోతే ప్రశ్నే సరిగ్గా అడగలేదని లెక్క.

జయదీప్ ఆ ఏడు చేరిన శిష్యుడు. అంకెల్లో చురుకు, ఎవరూ చెప్పకుండానే పని నెత్తికెత్తుకునే రకం. పశువుల రక్తనాళాల్లో బతికే ఒక పురుగు గురించి పాఠం తయారుచేస్తున్నాడు. కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుంటే విద్యార్థి రక్తనాళం లోపలే నిలబడ్డట్టుంటుంది. నెత్తురు చెవుల పక్కనుంచి పారుతుంది. పురుగు గోడకి అతుక్కుని కనిపిస్తుంది. అంతా కుదిరింది కాని, ఒక్కచోట మాత్రం అతనికే నమ్మకం కుదరలేదు.

"మేడమ్, ఈ పురుగు ఉన్న పశువులోకి అదే జాతి పిల్లపురుగులు మళ్లీ చొరబడితే ఒళ్లు చాలావాటిని దారిలోనే చంపేస్తోంది. ఆ విద్య దానికి నేర్పిందే పాత పురుగు. ఆ పాతది మాత్రం లోపల ఏళ్ల తరబడి కులాసాగా ఉంటోంది. అది ఆ పశువు ఒంటి పదార్థాన్నే పైన పూసుకుని తిరుగుతుందని పుస్తకాల్లో ఉంది. అంతమాత్రానికే మోసపోతుందా? ఒళ్లు అంత తెలివితక్కువదా?"

వరూధినిగారు చెప్పులు వేసుకున్నారు.

జీపు ఘాట్‌రోడ్డు ఎక్కి జాజిలోవ అనే కొండ ఊరికి చేరేసరికి ఎండ తిరిగింది. అక్కడ గెమ్మెలి చిన్నమ్మి అనే ఆవిడ గేదెకి ఒంట్లో బాగాలేదు. వరూధినిగారు గేదె నోరు తెరిచి చూస్తున్నంతసేపూ చిన్నమ్మి చూపు మాత్రం పక్కనున్న నారుమడి మీదే ఉంది. నారు అంచులు ఎర్రబడుతున్నాయి.

"నారు ముదిరిపోతోంది డాక్టరమ్మా. ఈ వారం ఊడ్చకపోతే ఈ ఏడు మాకు పంట లేనట్టే. ఊడ్చాలంటే మడిలో నీళ్లుండాలి కదా."

"వాన?"

"పడతాదనే అంటున్నారు. ఎక్కడ పడతాదో అదే సెప్పరు."

"మరి ఊట?"

చిన్నమ్మి కొండ వైపు ఒకసారి చూసింది. "గేదెకి మందేటో సెప్పండమ్మా," అంది.

జయదీప్ కూడా కొండ వైపు చూశాడు. రాళ్ల మధ్య ఊట ఉంది. అక్కడినుంచి చిన్నమ్మి మడిదాకా ఒక పాత కాలువ ఉంది కాని, అందులో ఆకులు తప్ప ఏమీ లేవు. ఊట దగ్గర మొదలైన నల్లటి గొట్టం ఒకటి వంపు తిరిగి, పెంకులు కప్పిన పది గదుల వసతిగృహం వైపు వెళ్తోంది. పర్యాటకులు దిగే చోటు అది. వెనక ఖాళీ సీసాల గుట్ట, సబ్బునీళ్ల మడుగు ఉన్నాయి. దాని పైన రెండు ట్యాంకులు. ఒక్కోదాని మీద అయిదువేల లీటర్లని రాసి ఉంది. ఆ వసతిగృహం సత్తిబాబుది. అతను మైదానం నుంచి చాలా ఏళ్ల క్రితం వచ్చాడు. బయటివాళ్లు అక్కడ భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి స్థలం ఊరిపెద్ద బుద్రయ్య పేరు మీదే ఉంది.

ఆ రోజు బడి వసారాలో సభ. కొత్త కంపెనీ ఒకటి ఊట పక్కన ఇంకో వసతి కడతామని వచ్చింది. ప్రకృతికి హాని చేయని పర్యాటకమని వాళ్లు పంచిన కాగితాల మీద ఉంది. మాట్లాడటానికి ఒక అమ్మాయి, సామాను మోయడానికి ఒక అబ్బాయి వచ్చారు. ఆ సామాను హెడ్‌సెట్లే. అవి చూడగానే జయదీప్ వరసలు దాటుకుని ముందుకెళ్లి కూర్చున్నాడు.

"పెట్టుకుని చూడండమ్మా. రెండేళ్ల తర్వాత మీ ఊరు ఎలా ఉంటుందో కనిపిస్తుంది," అంది కంపెనీ అమ్మాయి.

ముందు చిన్నమ్మికి పెట్టారు. ఆవిడ తల అటూ ఇటూ తిప్పింది. వంగి, గాలిలో చెయ్యి ముంచింది. ఆడవాళ్లు నవ్వారు.

"ఏటే, ఏటుంది?"

"నీళ్లున్నాయే. బోల్డన్ని నీళ్లు. సెయ్యి మాత్రం తడవట్లేదు." కాసేపు చూసి అంది: "ఈ నీళ్లెక్కడివమ్మా?"

"మీ ఊటవే కదా అమ్మా."

"మరి దాని కింద నా మడుండాలి. గడ్డీ పువ్వులూ కనిపిస్తన్నాయి. నా మడేదీ?"

కంపెనీ అమ్మాయి బొమ్మ ఇంకా పూర్తి కాలేదంది. అక్కణ్ణించి ఊరు ఆగలేదు. సబ్బునీళ్లు ఎటు వదులుతారు? తాగి పారేసిన సీసాలు ఎవరు ఏరతారు? పాటల పెట్టెలు ఎప్పుడు ఆపుతారు? మా పిల్లల్ని ఫొటోలు తీస్తే ఎవరిని అడిగి తీస్తారు? పని ఇస్తామంటున్నారు, గదులూడ్చే పనేనా, బల్ల వెనక కూర్చునే పని కూడా ఇస్తారా? ఆ అమ్మాయి ఒకదానికి జవాబు వెతుక్కుంటుంటే ఇంకొకటి వచ్చి పడింది. సుతిమెత్తగా మొదలైన సభ సంతలా తయారైంది.

అందరికంటే గట్టిగా అరిచింది సత్తిబాబు. ఆ ఊరి మగవాళ్లలాగే తలకి తువ్వాలు చుట్టుకున్నాడు, వాళ్ల యాసలోనే మాట్లాడాడు. "మన ఊటని ఇంకోడి సేతిలో పెడతామా మామా? మన పిల్లలేటి తాగాలి?" అన్నాడు. బుద్రయ్య అతని భుజం తట్టాడు. వసారా అంతా చప్పట్లు కొట్టింది. అవి నటించిన మాటల్లా లేవు.

కంపెనీవాళ్లు హెడ్‌సెట్లు సర్దుకున్నారు. "రోజుకి పదివేల లీటర్లే కదండీ మేము అడిగింది," అంది ఆ అమ్మాయి చివరిసారిగా. ఎవరూ వినలేదు. వాళ్ల కారు వంపు తిరగకముందే పిల్లలు దాని వెనక ఈలలు వేశారు.

జయదీప్ వెళ్లిపోయినవాళ్లని చూడటం లేదు. ట్యాంకుల వైపు చూస్తున్నాడు. అతని తలలో లెక్క దానంతటదే పూర్తయింది. వరూధినిగారు వద్దన్నట్టు చూశారో లేదో గాని అతను లేచి నిలబడ్డాడు.

"ఒక్క మాటండీ. ఆ ట్యాంకులు రోజుకి ఎన్నిసార్లు నింపుతారు?"

"పొద్దునోసారి, సాయంత్రమోసారి. ఎందుకు?" అన్నాడు సత్తిబాబు మామూలుగా.

"అయితే రోజుకి ఇరవైవేల లీటర్లు. ఇప్పుడు మీరు తరిమేసిన కంపెనీ అడిగినదానికి రెట్టింపు. దాని కిందే చిన్నమ్మిగారి నారు ఎండుతోంది."

వసారాలో అందరి తలలూ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. సత్తిబాబు వైపు కాదు, జయదీప్ వైపు.

"ఎవరబ్బాయివి నువ్వు?" అన్నాడు బుద్రయ్య.

"కంపెనీవోళ్లు ఒకడిని మర్చిపోయి ఎలిపోయినట్టున్నారు," అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు లేచాయి. అవి మంచి నవ్వులు కావు.

"నేను డాక్టరుగారి..."

"డాక్టరమ్మ గేదెని సూడ్డానికొచ్చింది. నువ్వు దేన్ని సూడ్డానికొచ్చావు?"

జయదీప్ సాయం కోసం చిన్నమ్మి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే లేచి నిలబడింది. అందరికంటే ఆవిడకే కోపం ఎక్కువగా ఉంది. "మా పిల్లకి పాము కరిస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని జీపు తోలించుకుంటా ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లారనుకున్నావ్? నీ లెక్కలా? మా తమ్ముణ్ణి అంటావేటి నువ్వు?"

"పోనీలే అప్పా, సదువుకునే కుర్రాడు," అన్నాడు సత్తిబాబు. ఆ ఊళ్లో అక్కని అప్పా అంటారు. తనే వెళ్లి టీ తెచ్చి జయదీప్ చేతిలో పెట్టాడు. "తాగు బాబూ. మొహం చూడు ఎలా వాడిపోయిందో." టీ బాగుంది. అది తాగినంతసేపూ జయదీప్ తలెత్తలేదు.

జనం పలచబడ్డాక చిన్నమ్మి సత్తిబాబు దగ్గరికి వెళ్లింది. ఇందాకటి గొంతు కాదు, ఇంట్లో మాట్లాడే గొంతు. వరూధినిగారు జీపు పక్కన చేతులు కడుక్కుంటూ కావాలనే ఆలస్యం చేశారు.

"తమ్ముడూ, రేపొక్క పూట గొట్టం ఇటు తిప్పుతావా? నారు పోతాంది."

"అయ్యో, అది అడగాలా అప్పా? శని, ఆదివారాలు గదులన్నీ నిండాయి. సోమవారం సూద్దాం."

"సోమవారమా?"

"నీ నారు నాది కాదా అప్పా?"

ఆవిడ కొంగు సర్దుకుంది. "అలాగేలే తమ్ముడూ," అని, పిల్లలు బాగున్నారా అని అడిగింది. అతను బాగున్నారన్నాడు. ఆవిడ దిగువకి నడిచి వెళ్లింది. జీపు కదిలే వేళకి మడిగట్టు మీద కూర్చుని, అంచున ఎర్రబడిన నారు గుప్పెళ్లతో పీకి గేదె ముందు వేస్తోంది. గేదె ఆబగా తింటోంది.

ఘాట్‌లో సగం దూరం దాకా జయదీప్ సభలో ఊరు అడిగిన ప్రశ్నలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"వాళ్లేం మోసపోలేదు మేడమ్," అన్నాడు చివరికి. "కంపెనీని అడిగిన ప్రతి ప్రశ్నా సత్తిబాబు దగ్గర దెబ్బతిని నేర్చుకున్నదే. సబ్బునీళ్లు, సీసాలు, పాటలు, అన్నీ. నీళ్లెక్కడికి పోతున్నాయో ఆవిడకి నాకంటే బాగా తెలుసు. అన్నీ తెలిసి ఆయన్ని మాత్రం ఎందుకు అడగరు?"

వరూధినిగారు మలుపు దాటేదాకా ఆగారు.

"అడిగారు కదయ్యా. కంపెనీని ఊరు అడిగింది. ఆయన్ని అప్ప అడిగింది."