వండిన చెయ్యి

"నేలవేము నూరవే చెల్లెలా, చేదంతా మింగవే చెల్లెలా..." జ్వరానికి నేలవేము కషాయం పోస్తూ పాడే చిన్ననాటి పాట. ఆ తర్వాతి చరణం ఓబుళమ్మకు గుర్తు రాలేదు. కొడుకు సుంకన్న ఒళ్లు పెనంలా కాలుతుంటే పాటెక్కడ గుర్తొస్తుంది?

ఆ రాజ్యంలో జ్వరానికి మందంటే ఆస్థాన వైద్యుడు భీమేశ్వరశాస్త్రి చేసిన కొత్త లేహ్యమే. నయమైతే మందు గొప్ప. కాకపోతే పథ్యం తప్పినట్టు. అప్పుడు శాస్త్రి రాజుకు చెప్పి, రోగికి వండిపెట్టిన చెయ్యి నరికించేవాడు! ఇదెక్కడి న్యాయమో! పక్కింటి గురవమ్మ మొండిచెయ్యి చూసినప్పుడల్లా ఓబుళమ్మ తన చెయ్యి కొంగులో దాచుకునేది.

సుంకన్న లేహ్యం తిన్నాడు. జ్వరం తగ్గకపోగా ముఖం బూరెలా ఉబ్బింది. భటులొచ్చి తల్లిని సభకు ఈడ్చుకుపోయారు.

"చింతపండు పులుసు పోసుంటుంది, ప్రభూ! వీళ్ల నోళ్లు ఊరుకుంటాయా? వండిన చెయ్యి నరికించండి," అన్నాడు శాస్త్రి.

రాజు తలూపాడు. తలారి కత్తి తీశాడు.

"నరకండి దొరా, కాదనను," అంది ఓబుళమ్మ. "కానీ మందు మొదలెట్టిన నాటినుంచీ నేను పొయ్యి వెలిగించలేదు. ఎందుకొచ్చిన భయమని శాస్త్రిగారి పెరటి గుమ్మం దగ్గర నిలబడి అడుక్కున్నాను. వాళ్లావిడ మహాతల్లి, మడి కట్టుకుని కాచిన జావే నా బిడ్డకు పోశాను. పథ్యం తప్పిందంటే ఆ చెయ్యే కదా దొరా?"

రాజు మళ్లీ తలూపాడు. తలారి కత్తితో శాస్త్రి ఇంటివైపు తిరిగాడు.

శాస్త్రి ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా పరుగున వచ్చి, ఓబుళమ్మ ముందు చేతులు జోడించాడు.

"అమ్మా ఓబుళమ్మా, పథ్యం తప్పలేదు. నా మందే తప్పు. వాడికిక పెట్టకు తల్లీ!"