నూకాలు చెంప

అనగనగా మిషన్లు లేని కాలం. చెక్క నున్నబడాలంటే మనిషి రెక్కలు అరగాల్సిన కాలం. ఆ కాలంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక వడ్రంగుల వీధి. ఆ వీధి చివర కొండోజు గారి కొట్టం. ఆ కొట్టం చూరు కింద ఒక నల్లరాయి. ఆ రాయి మీద నూకాలు.

కొండోజు చెక్కేవాడు. ఎదురు కొలిమిలో కమ్మరి సన్నాసి ఇనుము సాగగొట్టేవాడు. నూకాలు రుద్దేది. అదే ఆవిడ పని. మంచం కోడు వస్తే రుద్దడం, కత్తిపీట వస్తే రుద్దడం, మళ్ళీ ఏదో వస్తే మళ్ళీ రుద్దడం. చెక్కినోడి పేరు నలుగురూ చెప్పుకుంటారు, కొట్టినోడి పేరూ చెప్పుకుంటారు. రుద్దినదాని పేరు ఎవడికి కావాలి చెప్పండి? ఆవిడా అడగలేదు. మొగుడు పోయిన ఏడు వచ్చి ఆ రాయి మీద కూర్చుంది. నలభై ఏళ్ళు అక్కడే కూర్చుంది. కొండోజు ఇంట్లో రెండు పూటలా ముద్ద, కొట్టంలో ఓ మూల చాప. నా అన్నవాళ్ళు లేరు. ఆ రాయే ఇల్లు.

అయితే ఆవిడ రుద్దడంలో ఒక చదువుంది, వినండి. తోలుముక్కలు అప్పడమంత గుండ్రంగా కోసేది. తుమ్మజిగురు పూసేది. పైన ఇసుక చల్లి ఎండబెట్టేది. చెక్కకైతే ఏటి ఇసుక. ఇనుముకైతే కురువిందపు రాయి దంచిన పొడి. చెక్క మీదికి మూడు మెట్లు. గరుకు బిళ్ళ ముందు, సన్నబిళ్ళ తరవాత, పారిజాతం ఆకు ఆఖర్న. పారిజాతం పువ్వు ఎంత మెత్తనో ఆకు అంత గరుకు, పిల్లి నాలికలాగ. ఆ ఆకుతో నాలుగుసార్లు పామితే చెక్క మీద ఈగ వాలినా జారిపోవాల్సిందే.

"తొందరపడి మెట్టు దాటకూడదు. గరుకు ముందు, సన్నం తరవాత, ఆకు ఆఖరు. చెక్క బిళ్ళ చెక్కకే, ఇనుము బిళ్ళ ఇనుముకే" అనేది. రోజుకి పదిసార్లు అనేది. వీధిలో పిల్లలు ఆ మాటలకి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళు.

బిళ్ళలన్నీ వెనకాల ఒక్క బుట్టలోనే ఉండేవి. చూసి తీసేది కాదు. చెయ్యి వెనక్కి చాపి, వేలితో తడిమి, కావాల్సింది తీసేది. అదే ఆవిడ గొప్ప.

సన్నాసి ఊరుకునేవాడు కాదు. "ఒసే నూకాలూ, నీ వేళ్ళ మీద గీతలేవే? బ్రహ్మ రాసిన రాత కూడా రుద్దేశావా?"

"రుద్దేశాన్రా సన్నాసీ. రాత చూస్తే బాగాలేదు. నీ మొహం కూడా ఇలా తే, రెండు మెట్లలో తేల్చేస్తాను."

"రెండేనా? మూడో మెట్టు?"

"ఆకు దండగ."

వీధంతా నవ్వేది.

నవ్వు మాటకేం గాని, ఆ ఏడు చలికాలంలో నిజంగానే ఆవిడ వేళ్ళు మొద్దుబారాయి. నిప్పు తగిలినా కాస్త ఆలస్యంగా తెలిసేది. చలి పోతే స్పర్శ వస్తుందిలే అనుకుంది. చలి పోయింది. స్పర్శ రాలేదు. ఎండలొస్తే వస్తుందిలే అనుకుంది. ఎండలొచ్చాయి. రాలేదు. అప్పుడు భయం పట్టుకుంది. వేళ్ళు చచ్చినదాన్ని కొండోజు ఎందుకుంచుతాడు? రాయి పోతుంది, చాప పోతుంది. ఎవరికీ చెప్పలేదు. అలవాటు మీద రుద్దుకుంటూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే కోట నుంచి కబురొచ్చింది. దొరసాని గారికి మగబిడ్డ. ఇరవయ్యొకటో రోజున బారసాల. ఉయ్యాల కావాలి. ఎక్కడో పొరుగూరి నుంచి తెచ్చిన ఉయ్యాల పేడు గుచ్చుకుని పెద్దపిల్ల బుగ్గ చీరుకుందట. అందుకని దొరసాని మాట పంపింది: "పట్టుగుడ్డ వేసి మూడుసార్లు లాగుతాను. ఒక్క పోగు లేచినా ఆ ఉయ్యాల నాకొద్దు, ఆ వీధి పనే నాకొద్దు."

కొండోజు మేలిరకం టేకు తీశాడు. చిలకలు చెక్కాడు. సన్నాసి నాలుగు గొలుసులు కొట్టాడు. నూకాలు ముందు గొలుసులు రుద్దింది. తళతళలాడాయి. ఆ సాయంత్రమే ఉయ్యాల రుద్దింది. చెయ్యి వెనక్కి చాపింది, బిళ్ళ తీసింది, రుద్దింది. తడిగుడ్డతో పొట్టు తుడిచి పడుకుంది.

తెల్లారి లేచి చూస్తే ఏముంది! పచ్చటి టేకు మీద నల్లటి మచ్చలు. కాకులు సిరా తొక్కి నడిచినట్టు.

నూకాలు బుట్ట ముందుకు లాక్కుని బిళ్ళలు కళ్ళతో చూసింది. తను సాయంత్రం వాడిన బిళ్ళ గొలుసులు రుద్దిన బిళ్ళ. దానికి పట్టిన ఇనుపరజను చెక్కలో దిగింది, తడి తగిలింది, టేకు నల్లబారింది. నలభై ఏళ్ళు రోజుకి పదిసార్ల చొప్పున చెప్పిన మాట, తన చేత్తో తనే తప్పింది.

ఈలోగా కొండోజు లేచాడు. చూశాడు. గొంతు వీధంతా వినబడింది. "ఒరే సన్నాసీ! నీ గొలుసుల తుప్పునీళ్ళు కారబెట్టావు కదరా! నాలుగు రోజుల్లో బారసాల. నీ కొలిమికి ఇంక నా గడపలో పని లేదు!"

సన్నాసి ఉయ్యాల చూశాడు. బుట్ట ముందున్న నూకాలు చేతులు చూశాడు. తల దించుకున్నాడు. "అవునండీ ఓజుగారూ. నాదే పొరపాటు" అన్నాడు.

నూకాలు నోరు మూసుకుంటే చాలు. రాయి దక్కుతుంది. ఒక్క గుటక మింగింది. రెండో గుటక మింగింది. మూడో గుటక దిగలేదు.

"ఓజయ్యా, వాడిది కాదు. నాది. ఇనుము బిళ్ళ చెక్కకి పెట్టాను. నా వేళ్ళు చచ్చిపోయాయి బాబూ. చలికాలం నుంచీ. మీకు చెప్పలేదు. వెళ్ళగొడతారని చెప్పలేదు."

సన్నాసే ముందు నోరు తెరిచాడు. "నోరు మూసుకు చావొచ్చు కదే!"

"నీకు కొలిమి ఉంది కదరా. నీ కొలిమి ఆర్పి నేనీ రాయి మీద ఎలా కూర్చోను?"

కొండోజుకి కోపం సగంలో ఆగిపోయింది. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. "మచ్చ పోతుందా?" అన్నాడు చివరికి.

"పోతుంది."

"వేళ్ళు చచ్చాయంటున్నావు. నునుపు ఎలా తెలుస్తుందే?"

అది నూకాలుకీ తెలియదు. నిమ్మకాయలు తెమ్మంది. మొదటిరోజు నిమ్మచెక్కలతో మచ్చలు రుద్ది, కడిగి, నీడన ఆరబెట్టింది. నలుపు దిగింది గాని తడికి చెక్క మీద నూగు లేచింది. రెండోరోజు కొత్త బిళ్ళలు చేసుకుంది. ఈసారి రెండు బుట్టలు. కుడివైపు చెక్కది, ఎడమవైపు ఇనుముది. గరుకు ముందు పట్టింది, సన్నం తరవాత పట్టింది. మూడోరోజు ఆకు పట్టింది.

పట్టి, వేలితో తడిమింది. ఏమీ తెలియలేదు. అరచేత్తో తడిమింది. తెలియలేదు. అప్పుడు వంగింది. వంగి, పసివాడు పడుకునేచోట తన ముడతల చెంప ఆనించింది. కళ్ళు మూసుకుని చెంపని మెల్లగా జరిపింది.

"ఇక్కడ, ఓజయ్యా. చిలక తోక కింద. చిన్న గరుకు."

కొండోజు వేలు పెట్టాడు. "ఏమీ లేదే!"

"మీ వేలికి లేదు. పసిగుడ్డు వేలితో పడుకుంటాడేటి?"

అక్కడ మళ్ళీ ఆకు పట్టింది. మళ్ళీ చెంప పెట్టింది. అలా ఉయ్యాల ఈ కొస నుంచి ఆ కొస దాకా చెంపతోనే చూసింది. సాయంత్రానికి ఆ బుగ్గ ఎర్రగా కమిలిపోయింది.

నాలుగోరోజు కోటలో దొరసాని పట్టుగుడ్డ వేసింది. ఒకసారి లాగింది. పోగు లేవలేదు. రెండోసారి లాగింది. లేవలేదు. మూడోసారి గుడ్డ లాగకముందే జారి కింద పడింది. బిడ్డని పడుకోబెట్టారు. వాడు చెంప పక్కకి వాల్చి నిద్రపోయాడు.

కొండోజు ఇంటికొచ్చి నల్లరాయి దగ్గర నిలబడ్డాడు. నూకాలు చాప చుట్టి పెట్టుకుని ఉంది.

"ఎక్కడికే?"

"మీరు చెప్పకముందే పోదామని."

"చాప పరుచు. రేపు మంచంకోళ్ళున్నాయి. అలా చూస్తావేం? నీ చెంప ఇంకా అరగలేదు కదా!"

ఆవిడ ఇంకో తొమ్మిదేళ్ళు ఆ రాయి మీదే బతికింది. పోయినప్పుడు పాడె వెదుళ్ళు సన్నాసే రుద్దాడు. గరుకు ముందు, సన్నం తరవాత, ఆకు ఆఖరు. చెంప పెట్టి చూసి మరీ భుజానికెత్తుకున్నాడు.

కొట్టం పోయింది. ఆ నల్లరాయి ఏ పునాదిలో ఉందో ఎవరికెరుక. పారిజాతం ఆకులు పోయి గరుకు కాగితాలొచ్చాయి, అవీ పోయి మిషనుకి అంటించే గుండ్రటి బిళ్ళలొచ్చాయి. చూడండి, అవీ అప్పడమంతే! ఇప్పటికీ ఆ పక్క సామాన్ల కొట్లో బిళ్ళ అడిగితే, ముందు "చెక్కకా, ఇనుముకా?" అంటాడు. ఆ తరవాతే నెంబరు. అరవై ముందు, నూట ఇరవై తరవాత, రెండొందల నలభై ఆఖరు. నెంబరు పెరిగేకొద్దీ మెత్తన. ఏ వడ్రంగి దగ్గర చూసినా రెండు డబ్బాలు, కుడివైపొకటి, ఎడమవైపొకటి. ఇనుము తిన్న బిళ్ళని చెక్క డబ్బాలో వేసినవాడికి ఆ పూట టీ ఇవ్వరు.

పని అయ్యాక మేస్త్రి అడిగేది ఒకటే మాట. "నూకాలు చెంప పెట్టావా?"

అప్పుడు చూడాలి. అంత లావు వడ్రంగి, మీసాలనిండా పొట్టు, మిషను ఆపి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, వంగి, తలుపుచెక్క మీద మెల్లగా చెంప ఆనించి కళ్ళు మూసుకుంటాడు.

కథ నున్నబడింది. పొట్టు దులుపుకుని లేవండి.