ఒకటి లోపలికి, ఒకటి బయటికి

గుల్లలపాలెంలో బుద్ధిమంతులెవరని అడిగితే గవర్రాజు ముందు చెయ్యెత్తుతాడు. అడక్కపోయినా ఎత్తుతాడు. పక్కనున్న తమ్ముడు పల్లయ్య రెండు చేతులూ ఎత్తుతాడు. వెనకనుంచి వాళ్ళమ్మ సుబ్బాయమ్మ, "మా ఇంటిల్లిపాదికీ బుద్ధి ఎక్కువమ్మా, పెట్టుకోవడానికే చోటు లేదు" అంటుంది. చోటు లేదన్న మాట మాత్రం నిజం. వాళ్ళ తాటాకుల ఇంట్లో చిరిగిన చాపలు, మూతల్లేని డబ్బాలు, ఎవరిదో తెలియని గొడుగు అన్నీ కలిసి కాపురం చేసేవి. అడుగు వేస్తే ఏదో ఒకటి కాలికింద పడి కుయ్యోమనేది. ఒక్కోసారి పిల్లి, ఒక్కోసారి పల్లయ్య.

గవర్రాజు పెళ్ళాం నాగరత్నానికి నెలలు నిండొచ్చాయి. పురిటికి పుట్టింటికి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి కొంగు బిగించింది.

"మావా, పుట్టబోయే పిల్లని ఈ చెత్తలో ఎక్కడ పడుకోబెట్టమంటావు? నేనొచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉండాలి. లేకపోతే పిల్లని నీ ఒళ్ళో పెట్టను గాక పెట్టను."

గవర్రాజు కంగారుగా ముందుకొచ్చాడు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఊపుదామని పాపం అతను అప్పటికే గుమ్మడికాయతో సాధన చేస్తున్నాడు.

"ఏం చెయ్యాలో చెప్పవే, చేసి పెడతాను."

"ఒక్కరోజు ఊడ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. అలవాటు కావాలి. ఇంట్లోకి కొత్తది ఒకటి వచ్చిందంటే పాతది ఒకటి బయటికి పోవాలి. ఈ ఒక్కటీ తప్పకుండా చెయ్యండి, చాలు."

"ఓస్, ఇంతేనా!" అన్నారు ముగ్గురూ.

మర్నాడు కొత్త చీపురు కొన్నారు, పాత చీపురు పారేశారు. ఇల్లు బాగుపడినట్టే ఉంది. ఇంకేముంది, ముగ్గురికీ ఛాతీలు పొంగిపోయాయి. ఆ పొంగులోనే పల్లయ్య సంతకెళ్ళి బుట్టెడు ఉల్లిపాయలు తెచ్చాడు.

"ఆగరా!" అన్నాడు గవర్రాజు. "ఒక్కో ఉల్లిపాయా ఒక్కో కొత్త వస్తువే కదా!"

అంతే. ఉల్లిపాయ లోపలికి, గరిటె బయటికి. ఉల్లిపాయ లోపలికి, అట్లపెనం బయటికి. కత్తిపీట, చట్టి, చేట, తిరగలి, అన్నీ పెరట్లోకి వెళ్ళాయి. ఇరుగుపొరుగువాళ్ళు పండగ చేసుకుని పట్టుకుపోయారు. సుబ్బాయమ్మ ఉల్లిపాయ చేత్తో పట్టుకుని వంటింట్లో ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగింది.

"కొయ్యడానికి కత్తిపీట లేదు, వెయ్యడానికి చట్టి లేదు. అయినా ఎంత విశాలంగా ఉందిరా నాయనా!" అని మురిసిపోయి పచ్చిదే కొరికింది. కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టాయి. అమ్మ సంతోషంతో ఏడుస్తోందని కొడుకులిద్దరూ కూడా ఏడ్చారు.

ఇలా ఉండగా పొరుగింటి మంగతాయారు మజ్జిగ కోసం లోపలికొచ్చింది. గవర్రాజు తల్లివైపు చూశాడు.

"అమ్మా, మంగతాయారత్త ఇవాళే కొత్తగా వచ్చింది. ఈ ఇంట్లో అందరికంటే పాతదానివి నువ్వే."

"నిజమేరా" అని సుబ్బాయమ్మ బయటికెళ్ళి ఎండలో నిలబడింది.

"మీ అమ్మేదిరా?" అంది మంగతాయారు.

"బయటుంది."

మంగతాయారు బయటికెళ్ళింది. ఆవిడ బయటికి పోయింది గనక సుబ్బాయమ్మ లోపలికొచ్చేసింది. ఆవిడ మళ్ళీ లోపలికొచ్చింది, ఈవిడ మళ్ళీ బయటికి పోయింది. గుమ్మం దగ్గర ఇద్దరి భుజాలూ రాసుకున్నాయే గాని నిలబడి మాట్లాడుకున్నది లేదు. చివరికి మంగతాయారు ఆయాసపడుతూ, "మీ మజ్జిగా వద్దు, మీరూ వద్దు" అని గిన్నె అక్కడే వదిలేసి పోయింది. ఆ గిన్నె కొత్తది కదా! దానికోసం మజ్జిగ కుండ బయటికి పోయింది.

ఆ వారంలోనే వాన పట్టుకుంది. కప్పు కారింది. టప్పుమని ఒక చుక్క పడింది.

"అన్నయ్యా, ఇది పాతదా, కొత్తదా?"

"ఆకాశంలోంచి ఇప్పుడేగా దిగింది! కొత్తదే!"

ఇంకేముంది, టప్పుమన్నప్పుడల్లా ఒకటి విసిరారు. మంచం పోయింది, పెట్టె పోయింది, పొయ్యిరాళ్ళు పోయాయి. మొన్న కొన్న ఉల్లిపాయలు ఇవాళ్టికి పాతవయ్యాయని అవీ పోయాయి. వాన వెలిసేసరికి ఇంట్లో ముగ్గురు మనుషులూ ఒక చీపురూ మిగిలారు. సుబ్బాయమ్మ నేలంతా అలికి, ముగ్గులు పెట్టి, చీపుర్ని కళ్ళకద్దుకుంది.

ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. కొన్నాళ్ళకి నాగరత్నం పిల్లని ఎత్తుకుని వచ్చింది. గుమ్మంలోంచి తొంగిచూసి నోరు తెరిచింది.

"అబ్బ, ఎంత శుభ్రంగా పెట్టావు మావా! రా, పిల్లని ఎత్తుకో" అంటూ లోపలికొచ్చింది.

గవర్రాజు చేతులు చాచాడు. వెంటనే మొహం మాడిపోయింది. "నువ్వంటే పాతదానివే. పిల్ల కొత్తది కదే!" అని, పారెయ్యడానికి ఏమైనా ఉందేమోనని నాలుగు మూలలూ చూశాడు. చీపురుంది. అది పారేస్తే రేపు ఊడ్చేదెట్లా? అమ్మని పంపేస్తే అలికేదెవరు? గవర్రాజు కళ్ళు తుడుచుకుంటూ తనే బయటికి నడిచాడు.

"ఎక్కడికి మావా? ఇలా రా!"

"నేనొస్తే ఎవరు పోతారే? నువ్వే కదా అలవాటు తప్పొద్దన్నావు!"

"అయ్యో రాత! పోనీ నేనే బయటికి తెస్తాను" అని నాగరత్నం పిల్లతో వాకిట్లోకి వచ్చింది. పిల్ల బయటికి రావడం చూడగానే గవర్రాజు, "హమ్మయ్య, చోటు దొరికింది!" అని ఒక్క గంతులో లోపలికి దూకాడు. దూకి చేతులు చాచాడు. ఏదీ పిల్ల? పిల్ల వాకిట్లో ఉంది! మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. పిల్ల కేరుమంది, తండ్రి భోరుమన్నాడు.

అప్పుడు పల్లయ్య బుర్ర గోక్కున్నాడు. "అన్నయ్యా, తగువంతా లోపల, బయట అనేదగ్గరేగా? అసలు ఇల్లే లేకపోతే లోపలేది, బయటేది?"

"ఒరేయ్! ఇన్నాళ్ళూ ఈ బుద్ధి ఎక్కడ దాచావురా!" అని గవర్రాజు తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు.

నాగరత్నం "ఆగండ్రా!" అని అరిచేలోపే అన్నదమ్ములిద్దరూ కప్పు మోసే నిట్రాట పట్టుకుని లాగేశారు. అసలే వానకి నానిన ఇల్లు. తాటాకులు జారాయి, గోడలు కూలాయి. గబగబా అన్నీ మోసుకెళ్ళి అవతల పారబోశారు. తరవాత గవర్రాజు ముగ్గు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కూలిన ఇంటివైపే చూస్తున్న పెళ్ళాం చేతుల్లోంచి పిల్లని అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. పిల్ల ఏడుపు మానేసి బోసినవ్వు నవ్వింది.

"చూశావా నాగరత్నం! ఇక జన్మలో ఈ ఇల్లు చిందరవందర కాదు!" అన్నాడు తండ్రి మురిపెంగా.

నాగరత్నం తేరుకుని, పిల్లని లాక్కోవడానికి విసవిసా ముందుకొచ్చింది. సుబ్బాయమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"అమ్మాయ్, చెప్పులు బయట విప్పి రా. ఇప్పుడే ఊడ్చాను."